గేటింట్లో రాజుగారి రొట్టె

మా నాన్న ఎర్ల్‌గారు పోగానే బిరుదు అన్నయ్య జెర్వేస్‌కి వచ్చింది, వెక్స్‌కోంబ్ కోట మా వదిన వెనీషియాకి వచ్చింది. అమ్మకీ నాకూ గేటు పక్కన కారే కప్పున్న కొంప వచ్చింది. పెంకులు మార్పించమని అమ్మ కబురు మీద కబురు పంపింది. "ముసలావిడకి చాదస్తం" అని నవ్వేసింది వదిన. ఆ చలికాలమే నెమ్ము చేసి, కిటికీ పక్క కుర్చీలో అమ్మ పోయింది. ఆ గదిలో, ఆ కారే చోటే వదినని నిలబెట్టకపోతే నేను మా అమ్మ కూతుర్నే కానని ఒట్టు పెట్టుకున్నాను.

రాజుగారు వస్తున్నారని తెలియగానే వదిన బండి గేటు దగ్గర ఆగింది. దిగలేదు.

"లెటీషియా, ఆ రోజు తలుపులేసుకుని లోపలే ఉండు. ఈ కొంప ఆయన కంట పడకూడదు."

"మరి రాజుగారికి మొదటి నీళ్ళెవరిస్తారు వదినా?"

"నేనే, కోట మెట్ల మీద. వెండి కూజా తోమించాను."

"ఇంటి ఆడపడుచు ఇవ్వాలి. అదీ ఇక్కడే."

"ఆ పాతచింతకాయ పచ్చడి ఇప్పుడెవరిక్కావాలమ్మా!"

చెప్పాను, వినలేదు. ఇక నా తప్పేముంది? పూర్వం యుద్ధంలో ఓడి పారిపోతున్న రాజు ఈ గేటింట్లోనే దాక్కున్నాడు. మా ఇంటి ఆడపిల్ల నీళ్ళూ రొట్టే ఇచ్చింది. ఆ రొట్టె ముక్కే మమ్మల్ని ఎర్ల్‌లని చేసింది. అప్పటినుంచీ ఏ రాజొచ్చినా ముందు ఇక్కడ రొట్టె తిన్నాకే కోటకి వెళ్ళాలి. తాతగారి కాలం తర్వాత ఎవరూ రాలేదు కాబట్టి వదిన మర్చిపోయింది. రాజులు మర్చిపోతారా?

ఆ రోజు కుండపోత వాన. నేను మట్టి కూజాతో గేటు దగ్గర నిలబడ్డాను. కారు ఆగింది.

"రొట్టె ఉందా అమ్మా?" అంటూ దిగారు రాజుగారు.

కోట మెట్ల మీదున్న వాళ్ళంతా వానలో పరుగెత్తుకొచ్చారు. రాజుగారు అమ్మ కుర్చీలో కూర్చున్నారు. ఆయన లేచేదాకా ఎవరూ కూర్చోకూడదు, కదలకూడదు. "ఇలా రా వదినా, ఇక్కడ చోటుంది" అని చెయ్యి పట్టుకుని కారే చోట నిలబెట్టాను.

"మీ వంశం కథ చెప్పండి" అన్నారు రాజుగారు.

అడగాలా! మూలపురుషుడి దగ్గర మొదలెట్టాను. రాజు గుర్రం కళ్ళెం పట్టినవాణ్ణీ, రాజు మాట కాదని తల పోగొట్టుకున్నవాణ్ణీ, రాణిగారి పిల్లల్ని పెంచిన మేనత్తనీ, ఒక్కరినీ వదల్లేదు. వదిన టోపీ ఈకలు నానిపోయాయి, చుక్కలు ముక్కు మీదుగా జారి పట్టుగౌనులో పడ్డాయి. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

"ఈ కుర్చీ ఎవరిది?"

"మా అమ్మది ప్రభూ. ఇందులోనే పోయింది. పెంకులు వేయించమని అడిగీ అడిగీ పోయింది."

ఆయన కప్పు వంక చూశారు, తర్వాత వదిన వంక చూశారు. "ఎవర్ని అడిగారు?"

వదిన టోపీ సర్దుకుంటూ అన్నయ్య వంక చూసింది. అన్నయ్య తల దించుకున్నాడు.

"ఇంకో ముక్క రొట్టె పెట్టమ్మా. నాకేం తొందర్లేదు" అన్నారు రాజుగారు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో వదిన నా చెయ్యి పట్టుకుంది. "రేపే పెంకులు వేయిస్తాను. ఇంక చాలించవే తల్లీ."

"వద్దు వదినా," అన్నాను. "అడిగినావిడ లేదుగా."