దానిమ్మ గింజ రంగు

నేను లోహం కరిగించే ఒక మూసను. కంసాలి ముందర కూర్చునే బుల్లి మూసను కాదు. మనిషి నాలో చతికిలబడితే తల మాత్రమే బయటికి కనిపిస్తుంది. రాజమండ్రిలో బంకమట్టీ గ్రాఫైటూ కలిపి నన్ను చేశారు. ఎండుగడ్డి చుట్టి లారీ ఎక్కించి, గాజువాక అవతల ఒక చిన్న కార్ఖానాలో దింపారు.

అక్కడ నా పని జింకునీ కాడ్మియాన్నీ విడదీయడం. ఒకే ఖనిజంలో పుట్టిన అక్కాచెల్లెళ్లు అవి. ఆమ్లంలో వేస్తే రెండూ కరుగుతాయి. తేడా ఓర్పులోనే ఉంది. మంట పెరిగితే కాడ్మియం ముందుగా ఆవిరై, నా మూతకున్న గొట్టంలోంచి పోయి పక్క తొట్టెలో గడ్డకడుతుంది. జింకు మరో నూట నలభై డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఆ సందులోనే మా కార్ఖానా అంతా బతుకుతుంది.

ఆ సందు తెలిసినవాడు కొలిమి మేస్త్రి తవిటయ్య. మా కొలిమికి మీటరు లేదు. గోడకున్న కంతలోంచి ఎర్రగా కాలుతున్న నా ఒంటిని చూసి అతను వేడి చెప్పేవాడు. కాడ్మియం పోవాలంటే దానిమ్మ గింజ రంగు. జింకు మరగాలంటే కమలాపండు తొన రంగు. చేరిన కొత్తలో పండు పట్టుకుని పోల్చుకున్నాడట. తరవాత ముప్పై ఏళ్లు పండుతో పని పడలేదు, రంగు బుర్రలోనే ఉండిపోయింది.

మొన్న వేసవిలో అతనికి రెండు కళ్లకీ శుక్లాలు తీశారు. నెలన్నర తరవాత నవ్వుతూ వచ్చాడు. కంతలోంచి చూడగానే కంగారుపడి మంటకెళ్లే ఆయిలు తగ్గించాడు. నేను మండిపోతున్నట్టు అతనికి కనిపించాను. నాకేమో చలి. కాడ్మియం నా కడుపులో హాయిగా పడుకుని, కదలనంది. తీరా మంట పెంచాక జింకుతో చెయ్యి కలిపి బయటికి నడిచింది.

తయారైన జింకుని పరీక్షించే నస్రీన్ మొదటిసారి అందులో కాడ్మియం ఉందని కాగితం రాసింది. రెండోసారీ అంతే అయ్యేసరికి ఇంజనీరు వచ్చి, మూడోది కూడా చెడితే తవిటయ్యని గేటు కాపలాకి మారుస్తానన్నాడు. తవిటయ్య ఆయిలు మార్చారనీ, గొట్టం పూడిందనీ, చివరికి నాకు ముసలితనం వచ్చిందనీ అన్నాడు. కొత్త కళ్లని మాత్రం అనుమానించలేదు. మనిషి తనకి బాగా కనిపించేదాన్ని అనుమానించడు. ఈ మాట నేను చాలామందిలో గమనించాను.

మూడో విడతకి మంట వెలిగించిన మధ్యాహ్నం నస్రీన్ ఒక దానిమ్మపండు తెచ్చిచ్చింది, ఆపరేషను తరవాత పలకరించలేదని. అతను ఒలిచి, ఒక గింజని వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదేటమ్మా, ఇంత ఎర్రగా ఉంది? రంగేటైనా ఎక్కించినారేటి?"

"మన గేటు దగ్గర బండిదే బాబాయ్. రోజూ ఉండేదే."

తవిటయ్య నమలడం ఆపాడు. మరో గింజ తీసి చూశాడు. తరవాత లేచి కంత దగ్గరికి వచ్చి, ఒక కన్ను గింజ మీద, ఒక కన్ను నా మీద పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"కళ్లు కొత్తవైపోనాయమ్మా. బుర్రలో పండు మాత్రం పాత కళ్లతోపాటు మసకబారినదే ఉండిపోనాది," అన్నాడు మెల్లగా.

ఆయిలు పెంచాడు. నా చలి తీరింది. గింజా నేనూ ఒక్క రంగు అయ్యేదాకా అతను కంత వదల్లేదు. సాయంత్రానికి తొట్టెలో కాడ్మియం నిండుగా గడ్డకట్టింది. మర్నాడు నస్రీన్ జింకుని పరీక్షించి కాగితం అతని చేతిలోనే పెట్టింది. అతను చదవకుండా జేబులో పెట్టుకుని, మిగిలిన దానిమ్మలో ఆమె వాటా ఆమెకిచ్చాడు.

ఈ మధ్య మీటరు వచ్చింది. మీటరు చెప్పినా తవిటయ్య పండుతో సరిచూసుకుంటాడు. నా అడుగున నెర్రె పడితే నన్ను బయటికి తీసి కంత పక్కన నిలబెట్టాడు. ఇప్పుడు పళ్లు నాలోనే దాస్తున్నాడు.

వేడి ఎంతుందో నాకెప్పుడూ తెలుసు. కాలుతున్నప్పుడు నేనెలా ఉంటానో మాత్రం తెలిసేది కాదు. నిన్న ఒలుస్తుంటే ఒక గింజ జారి నా అడుగున పడింది. మధ్యాహ్నపు ఎండ దాని మీద పడింది.

ఇంత బాగుండేదాన్నా!