నేను కట్టిన కట్లు

మా మేనత్తని వీధిలో అందరూ కత్తెరమ్మ అంటారు. బట్టలు కుడుతుంది కాబట్టి అలా పిలుస్తారనుకుంటారు కొత్తవాళ్ళు. ఆవిడతో ఐదు నిమిషాలు మాట్లాడితే అసలు సంగతి తెలిసిపోతుంది.

నాకు పన్నెండేళ్ళప్పుడు కాలి ఎముకకి చీము పట్టింది. మోకాలి దాకా తీసేయాలన్నారు డాక్టర్లు. అమ్మ అప్పటికే లేదు. నాన్న ఏడుస్తూ సంతకానికి సిద్ధపడ్డాడు. అత్త ఆయన చేతిలో కాగితం లాక్కుని, నన్ను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేసింది. ఏడు నెలలు. రోజూ సూదిమందు వేయించేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కట్టు విప్పి, చీము పిండి, కడిగి, ఉడకబెట్టి ఆరేసిన గుడ్డ చుట్టేది. ఆ కంపుకి నాన్నే గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. ఆవిడ మాత్రం నా పక్కనే కూర్చుని అన్నం తినేది.

ఇవాళ వీధివీధీ తిరిగి ఉత్తరాలు పంచుతున్నానంటే అది ఆవిడ మొండితనం చలవే. అందుకే ఆవిడ మాట ఎప్పుడూ జవదాటలేదు. పెళ్ళి కూడా ఆవిడ చూపించిన అమ్మాయినే చేసుకున్నాను. అదృష్టం బాగుండి మంచిదే దొరికింది.

పోయిన నెల అత్త కుడికాలి బొటనవేలు నల్లబడింది. ఎన్నాళ్ళనుంచో ఉన్న షుగరు వల్లే. వేలు తీసేస్తే వారంలో ఇంటికెళ్ళిపోవచ్చన్నాడు డాక్టరు.

“మిషను తొక్కే కాలు. దాని జోలికి రావద్దని చెప్పు,” అంది అత్త నాతో, డాక్టరు ఎదురుగానే. “నీ కాలు నేను కొయ్యనిచ్చానా?”

ఆవిడని ఇంటికి తీసుకొచ్చేశాను. సెలవు పెట్టి రోజుకి రెండుసార్లు కట్టు కట్టాను, ఆవిడ నాకు కట్టినట్టే. నిజం చెప్పొద్దూ, గర్వపడ్డాను కూడా, ఇన్నాళ్ళకి నా వంతు వచ్చిందని. నలుపు పాదం మీదికి పాకుతుంటే చూస్తూనే ఉన్నాను. “ఇది భక్తి కాదండీ, భయం,” అంది మా ఆవిడ. కసిరాను.

ఇరవయ్యో రోజు అత్తకి ఒళ్ళు కాలిపోయింది, మాట తడబడింది. ఆసుపత్రిలో అదే డాక్టరు నేను కట్టిన కట్టు విప్పి చూశాడు. “చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?” అన్నాడు. ఈసారి తొడ దాకా తీయాలట. సంతకం పెట్టాను. అది పెట్టాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయిందని నాకు తెలుసు.

నాలుగో రోజు అత్తకి పూర్తిగా తెలివొచ్చింది. దుప్పటి ఎత్తి చూసుకుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

“వేలితో పోయేదా?” అంది.

“పోయేదత్తా.”

“పైకి పాకుతోందని నీకు తెలుసా?”

“రెండో వారానికే తెలిసింది.”

“మరి?”

“నువ్వు వద్దన్నావు. నాకు అంత చేసినదానివి. నీకెలా ఎదురు చెప్పను?”

దుప్పటి మళ్ళీ కిందికి లాగి కప్పుకుంది.

“అప్పుడు మీ నాన్న కాళ్ళావేళ్ళా పడ్డాడు. డాక్టర్లు కేకలేశారు. చుట్టాలంతా నోటికొచ్చినట్టు తిట్టారు. నీ కోసం ఒక్కరి మాటా వినలేదురా నేను,” అంది. “నా కోసం నువ్వు, నా ఒక్కదాని మాట కాదనలేకపోయావు.”