రాళ్లు చూసే అద్దం

వెర్నా కుచెరా పళ్లెంలోని మాత్రలను చిన్న రేకు గరిటెతో అయిదేసి చొప్పున పక్కకు నెడుతూ, పెదవుల మధ్యే లెక్కపెట్టుకుంటోంది. ఏళ్ల తరబడి ఇదే పని చేసి ఆమె బొటనవేలు కాస్త వంకరపోయింది. మధ్యలో ఎవరు పలకరించినా మళ్లీ మొదటినుంచీ మొదలుపెడుతుంది గాని విసుక్కోదు. నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊరికి మందుల షాపు అదొక్కటే.

పక్కనే స్టూలు మీద మేనకోడలు డెలియా గోళ్లు కొరుక్కుంటోంది. ఫార్మసీ కాలేజీలో సీటొచ్చింది. డిగ్రీ సగంలో ఉన్నా పరవాలేదు, రెండేళ్లు చదివావు, చాలన్నారు. ఇప్పుడే చేరితే నాలుగేళ్లలో తిరిగొచ్చి షాపు అందుకుంటుంది. డిగ్రీ పూర్తిచేసి చేరతానంటే మరో రెండేళ్లు. వెర్నా మోకాళ్లు అంతకాలం ఆగవు, షాపు అమ్ముకోవాల్సిందే. డెలియా చదివేది గడ్డిజాతుల గురించి. మిగిలిన రెండేళ్లూ మైదానాలు పట్టుకు తిరగడమే. సాయంత్రంలోగా కాలేజీకి జవాబు చెప్పాలి.

ఏం చెబుతుందో తెలిసినట్టే, వెర్నా వారం కిందటే ఆ పిల్లకో తెల్లకోటు కుట్టించి సొరుగులో దాచింది.

"వెర్నా! మా ఆవిడ పోయాక నా మాత్రలన్నీ ఒకే డబ్బాలో కాపురం పెట్టేశాయి. కాస్త విడాకులిప్పించు తల్లీ" అంటూ ఆల్విన్ ముసలాయన కాఫీ డబ్బా తెచ్చి బల్లమీద గుమ్మరించాడు.

వెర్నా మెడలో తాడుకున్న మడత భూతద్దం తెరిచి కంటికి ఆనించుకుంది. ఒక్కో మాత్ర మీది అక్షరాలు చదివి వేరుచేసింది.

"తొందరగా వచ్చెయ్యవే అమ్మాయ్. మీ అత్త తర్వాత మాకు నువ్వే దిక్కు" అని ఆల్విన్ వెళ్లిపోయాడు.

డెలియా ఆ అద్దాన్ని చేతిలోకి తీసుకుంది. "అత్తా, ఇది ఫార్మసీ కాలేజీలో ఇస్తారా?"

వెర్నా నవ్వింది. "కాదే. అది రాళ్లు చూసుకునే అద్దం."

డెలియా నోరు తెరిచింది. ఊళ్లో ఎవరికీ తెలియని సంగతి వెర్నా ఇప్పుడు చెప్పుకొచ్చింది. వెర్నా కూడా రెండేళ్లు భూగర్భశాస్త్రం చదివింది. ఒకరోజు ఏటి ఒడ్డున మేష్టారు సుద్దరాయి విరిచి చేతికిచ్చారు. అద్దంలోంచి చూస్తే సన్నసన్నని గవ్వలు. ఈ మొక్కజొన్న చేలన్నీ ఒకప్పుడు సముద్రమన్నమాట! ఆ రోజు వెర్నాకు ఆకలి కూడా వెయ్యలేదు. మరుసటి వేసవికి కొండల్లో రాళ్లు పరిశీలించే శిబిరం ఉందని ఈ అద్దం కొనుక్కుంది. ఇంతలో ఫార్మసీ సీటొచ్చింది. "రాళ్లెక్కడికీ పోవు, సీటు పోతుంది" అన్నాడు నాన్న. శిబిరానికి వెళ్లలేదు. తడిసిన సుద్దరాయి వాసన మాత్రం ఇన్నేళ్లయినా పోలేదు.

"బాధగా ఉందా అత్తా?"

లేదంటే చాలు, షాపు నిలుస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల కళ్లు చూశాక చెప్పలేకపోయింది.

"ఈ పనిలోకి వచ్చినందుకు ఏనాడూ బాధపడలేదే. ఆ శిబిరానికి వెళ్లనందుకు మాత్రం ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది."

"మరి షాపో?"

"షాపు నా తలనొప్పి. నీకెందుకు?"

డెలియా ఫోను తీసుకుని చాలాసేపు ఏదో రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. "డిగ్రీ అయ్యాకే చేరతానని రాసేశా. అప్పటికి సీటిస్తారో ఇవ్వరో" అంటూ ముక్కు తుడుచుకుంది. వెర్నా తన మెడలోని అద్దం తాడు తీసి డెలియా మెడలో వేసింది.

"అయ్యో, మరి నీకు మాత్రలెలా కనిపిస్తాయి?"

"దీపం కింద పెట్టుకు చదువుకుంటాలే. నీ గడ్డిపూలకు పనికొస్తుంది, తీసుకుపో."

డెలియా కారు మలుపు తిరిగేదాకా వెర్నా గుమ్మంలోనే నిలబడింది. షాపు కొంటానంటున్న పట్నం మనిషికి రేపు కబురు చేయాలి. లోపలికొచ్చి గరిటె సొరుగులో పెట్టబోయింది. నీలం దారంతో డెలియా పేరు కుట్టిన కోటు, కాలరుకు గుండుసూదులైనా తీయకుండా, మడత పెట్టినది పెట్టినట్టే ఉంది.