పొట్ట మీద గుర్తు

గోపీనాథ్‌కి ఒక పాడు అలవాటుంది. భార్యని ఎవరేం అడిగినా జవాబు తనే చెప్పేస్తాడు. హోటల్లో "తనకి ఇడ్లీ చాలు" అంటాడు. డాక్టర్ దగ్గర "నొప్పి బాగా ఎక్కువగానే ఉంది" అంటాడు, అక్కడికి ఆ నొప్పేదో తానే పడుతున్నట్టు!

పడింది అతని భార్య రాగిణి, పదకొండేళ్ళ పాటు. కాన్సర్ కాదు, రాళ్ళూ కావు. మూత్రాశయం లోపలంతా పుండైపోయి, పావుగంటకోసారి బాత్రూమ్‌కి పరుగు. అమెరికాలో వాళ్ళుండే హెర్న్‌డన్‌లో ఎవరు పేరంటానికి పిలిచినా వెళ్ళడం మానేసింది. మందులన్నీ అయ్యాక, ఇక బ్లాడర్ తీసేయడమే అన్నారు. తీసేస్తే పొట్ట మీద చిన్న రంధ్రం, దానికి అంటించిన మూత్రం సంచి, బతికినన్నాళ్ళూ. రాగిణి నెల్లాళ్ళు ఏడ్చింది. చివరికి ఒప్పుకున్నది ఒక్కందుకే. కూతురు స్పందన పెళ్ళిలో లేవకుండా పీటల మీద కూర్చుని, తన చేత్తో ధార పోసి కన్యాదానం చెయ్యాలి.

ఆపరేషన్‌కి ముందురోజు నర్సు పెన్ను పట్టుకుని వచ్చింది, సంచి ఎక్కడ రావాలో గుర్తు పెట్టడానికి. రాగిణిని కూర్చోమంది, వంగమంది, నిలబడమంది. "మామూలుగా ఏం బట్టలు వేసుకుంటారు? నడుముకి ఎక్కడ బిగిస్తారు?" అని అడిగింది. రాగిణి నోరు తెరిచేలోగా గోపీనాథ్ అందుకున్నాడు.

"ప్యాంట్సే. వర్క్ ఫ్రమ్ హోమ్ కదా, ఇంకేం వేసుకుంటుంది!"

నర్సు నవ్వి, ప్యాంటు పట్టీకి కాస్త పైన, బొడ్డు పక్కన చుక్క పెట్టింది. సరిగ్గా చీర కింద లంగా బొందు బిగించే చోట. రాగిణి ఆ చుక్కని చూసుకుని ఊరుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడు నెలలకి నొప్పి పోయింది. రాగిణి మొదటిసారి తెల్లారేదాకా లేవకుండా నిద్రపోతే, గోపీనాథ్ మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. మనిషి మంచివాడే, నోరే అంత.

స్పందన పెళ్ళినాడు రాగిణి పట్టుచీర తీసింది. బొందు పైకి కడితే కుచ్చిళ్ళు జారాయి, కిందికి కడితే నిలవలేదు. చివరికి సంచి మీదే బిగించింది. ఎవరికీ చెప్పలేదు.

పీటల మీద గోపీనాథ్ అల్లుడి కాళ్ళు కడుగుతుంటే ఆమె చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగింది. మరుక్షణం చెంబు ఒళ్ళో బోర్లాపడింది.

"అబ్బ, చూసుకోవద్దూ! ఒక్క పనీ చేతకాదు నీకు!" అని పెళ్ళివారంతా వినేలా కసిరాడు గోపీనాథ్.

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. ధార పోయడం ఇంకా మిగిలే ఉంది. గోపీనాథ్ విసుక్కుంటూ వెనకే వెళ్ళాడు. గదిలోకి అడుగు పెట్టగానే వాసన తగిలింది. రాగిణి కుర్చీలో కూర్చుని కొత్త సంచి అంటించుకోవాలని చూస్తోంది.

"పాతది ఊడిపోయిందండీ. నీళ్ళయితే ఎవరూ ఏమీ అనుకోరని చెంబు నేనే వంపుకున్నాను."

"అయ్యో రాగిణీ! చీర కట్టుకుంటానని ఆ రోజే నర్సుకి చెప్పాల్సింది కదే!"

"అడిగింది నన్నే కదండీ."

తలుపు తట్టిన చప్పుడయింది. పక్కింటివాళ్ళ అమ్మాయి హంసిక.

"ఆంటీ, ముహూర్తం టైమ్ అయిపోతోంది అంటున్నారు పంతులుగారు. మీరు వస్తారా? లేకపోతే స్పందనక్క వాళ్ళ పిన్ని, ప్రమోద ఆంటీ వాళ్ళని పీటల మీద కూర్చోమని చెప్పనా?"

గోపీనాథ్ అలవాటుగా నోరు తెరిచాడు. భార్య ముఖం చూసి మూసుకున్నాడు.

రాగిణి తడిసిన కుచ్చిళ్ళ వైపు, ఇంకా అంటుకోని సంచి వైపు చూసుకుంది.

"వాళ్ళని కూర్చోమను తల్లీ," అంది.