మొగ దగ్గర లెక్క

గడియారాలు బాగుచేసే మావయ్య ఇరవై ఒక్కేళ్లుగా ఏటా శీతాకాలంలో ఒక ఆదివారం పొద్దున్నే, ఏరు సముద్రంలో కలిసే మొగకు వెళ్లి వలస పిట్టల్ని లెక్కపెట్టేవాడు. ఆ లెక్క పక్షుల కేంద్రానికి పంపేవాడు. ఈ మధ్య మెట్ల మీద రెండుసార్లు తూలాడని, ఆ ఏడు అత్తయ్య కోడల్ని వెంట పంపింది. కోడలు పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. సెలవు పూటా నిద్ర లేకపోయిందని గొణుక్కుంటూనే పుస్తకం, పెన్సిలు పట్టుకుంది.

వాళ్లు వెళ్లేసరికి నీళ్లు వెనక్కి పోయి, బురద తేలింది. మావయ్య బైనాక్యులర్స్ ఎత్తి, అవతలి దిబ్బ వైపు చాలాసేపు చూశాడు. వంకర ముక్కు ఉల్లంకులు నలభై రెండని చెప్పాడు. కోడలి పెన్సిలు కదల్లేదు.

"రాశావా?"

"లేదు మావయ్యా. అవి పిట్టలు కావు. వలలు కట్టే గుంజలు."

ఆయనకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న వచ్చినదానివి నాకు చెబుతావా అన్నట్టు చూసి, ప్యాంటు మడిచి బురదలోకి దిగాడు. వద్దంటూనే ఆమె వెనకాలే దిగింది. దగ్గరికి వెళ్లాక ఆయన చెయ్యి చాపి ఒక గుంజను తడిమాడు. పక్కదాన్నీ తడిమాడు. వెనక్కి తిరిగాడు.

ఒడ్డుకొచ్చి రాతి మీద కూర్చున్నాక నోరు విప్పాడు. రెండేళ్లుగా కళ్ల ముందు పొగ కమ్మినట్టుందట. గడియారాల కొట్లో చిన్న మరలు వేళ్లతో పోల్చుకుంటున్నాడట. అత్తయ్యకూ చెప్పలేదు.

"పోయినేడు కూడా ఇక్కడే నలభై రాశానమ్మా. పిట్టలు పెరిగాయని కేంద్రంవాళ్లు సంబరపడ్డారు."

కోడలు ఆయన కాళ్లకు పట్టిన బురద తన సీసాలో నీళ్లతో కడిగింది.

ఇంటికొచ్చాక ఆయన చెబుతుంటే ఆమె కేంద్రానికి ఉత్తరం రాసింది. గత రెండేళ్ల లెక్కలు కొట్టేయండి, నాకు చూపు సరిగా లేదు అని రెండే ముక్కలు. సంతకం మాత్రం ఆయనే పెట్టాడు, గీత కాస్త కిందికి జారింది. ఇంతకాలం దాచినందుకు అత్తయ్య రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు కళ్లాసుపత్రికి లాక్కెళ్లింది. రెండు కళ్లలోనూ శుక్లాలే.

వారం తర్వాత కేంద్రం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఆ అంకెలు తీసేశామంది. ఇలా చెప్పుకున్నవాళ్లు అరుదంది. మరి ఇకమీదట మొగ దగ్గర ఎవరు చూస్తారని అడిగితే, మావయ్య ఫోను కోడలి చేతికిచ్చి కొట్లోకి వెళ్లిపోయాడు.

చలి తగ్గేదాకా ఆదివారాలు ఇద్దరూ వెళ్లారు. ఆమె చూసేది, ఆయన వినేవాడు. కూత వినగానే ఏ పిట్టో చెప్పేవాడు, ఎటు వెతకాలో వేలు చూపేవాడు. ఆయన కంటికి ఆపరేషన్ అయ్యేసరికి పిట్టలు తిరిగి వెళ్లిపోయాయి.

మళ్లీ శీతాకాలం వచ్చింది. మొగ దగ్గర కోడలు ఉల్లంకులు పదిహేడు అంది. మావయ్య పంతొమ్మిది అన్నాడు. ఇద్దరూ పట్టు వదల్లేదు. అంతలో గుంపంతా లేచి నీటి మీదుగా తిరగసాగింది. అది మళ్లీ వాలేదాకా వాళ్లు ఒడ్డునే కూర్చున్నారు.