మూడో కిట్టు

బండి విషయంలో ఇంకొకరి మాట వినడం తిమోతి వంట్లోనే లేదు. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు డ్రైవరుగా డాక్టర్లను తిప్పినవాడాయె. రిటైరయ్యాక, ఆసుపత్రి వేలం వేసిన తెల్ల కాంటెస్సా కారును పట్టుబట్టి కొన్నాడు. కొని ఇంటికి తెచ్చీ తేగానే ముందు చక్రాల బ్రేకులు పట్టేసి, ఆరేళ్ళుగా అది పెరడు దాటలేదు. దాని బానెట్ మీద మిరపకాయలు మాత్రం చక్కగా ఎండేవి.

ఇన్నాళ్ళకు దానికి పనిపడింది. శనివారం కుప్పంలో నర్సింగ్ స్కూలు వాళ్ళు అతని భార్య దయామణికి సన్మానం పెట్టుకున్నారు. ఆపరేషన్ థియేటర్‌లో ఆమె చేతికింద పని నేర్చుకున్న పిల్లలే ఇప్పుడక్కడ టీచర్లు. డాక్టర్లందరినీ ఆ కారులో తిప్పిన తిమోతి భార్యను ఒక్కనాడూ ఎక్కించుకోలేదు. ఆసుపత్రి బండి కదా! ఇప్పుడు కూడా బస్సులోనే తీసుకుపోతే తను డ్రైవరై ఏం లాభం?

పుంగనూరు నుంచి మెకానిక్ వెంకటరమణప్ప వచ్చి, చక్రం విప్పి, బ్రేకు తొక్కితే దాన్ని పట్టి ఆపే కాలిపర్లను చూసి పెదవి విరిచాడు.

"కాలిపర్లు తుప్పుపట్టి పోయుండాయి తిమోతన్నా. కొత్తవి యాడా దొరకవు. పాతినుముకు ఏసెయ్."

తిమోతికి ఒళ్ళు మండింది. తనే ఇంట్లో బాగుచేస్తానన్నాడు. బెంగళూరు నుంచి, కాలిపర్ లోపల పిస్టన్ చుట్టూ వేసే రబ్బర్ల కిట్లు తెప్పించాడు. రెండు చక్రాలకు రెండు చాలు గదా అంటే, దయామణి మూడు చెప్పమంది. "థియేటర్లో ఎప్పుడూ ఒకటి ఎక్కువే పెట్టుకుంటాము" అంది. అతను నవ్వి, సరే పొమ్మన్నాడు.

భోజనాల బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, కాలిపర్ల విడిభాగాలన్నీ స్టీలు ట్రేలలో వరసగా సర్దింది దయామణి. పిస్టన్ల మీది తుప్పును తిమోతి సన్నటి ఉప్పుకాగితంతో ఓపికగా రుద్దాడు. అంతవరకూ బాగానే ఉంది. బుధవారం మొదటి కాలిపర్ బిగిస్తూ, రబ్బరుకు అలవాటు ప్రకారం గ్రీజు పూశాడు.

"అది యాల పూస్తాండారు? రబ్బరుకు జిడ్డు పడదు. గ్లౌజులకు వ్యాజిలైన్ తగిలి ఉబ్బిపోయేది ఎన్నిసార్లు సూసినానో! కిట్టు మీద రాసుండాది, బ్రేక్ ఆయిలే పూయండి."

"సూదిమందుల సంగతి నువ్వు సూసుకో. బండి సంగతి నాకిడువు."

గురువారమంతా రెండో కాలిపర్ గాడిలోని తుప్పు గీకడానికే సరిపోయింది. శుక్రవారం పొద్దున అతను పిస్టన్‌ను నొక్కి చూస్తే కదల్లేదు. విప్పి చూస్తే రబ్బరు ఉబ్బి, ఆకారం లేకుండా పోయింది. సన్మానం రేపే. తిమోతి నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

దయామణి వచ్చి మూడో కిట్టు విప్పి ట్రేలో పెట్టింది. చెప్తే వినలేదనైనా అనలేదు. ఆ మాట అన్నా అతనికి ఇంత సిగ్గేసేది కాదు.

"నువ్వే బిగించు దయా" అన్నాడు, గొంతు తగ్గించి.

ఆమె చేతులు కడుక్కుని కూర్చుంది. గ్రీజంతా శుభ్రంగా తుడిచింది. బ్రేక్ ఆయిల్‌లో తడిపిన కొత్త రబ్బరు, ఎక్కడా మెలిక పడకుండా గాడిలో కూర్చుంది. పిస్టన్ బొటనవేలి నొక్కుకే మెత్తగా లోపలికి పోయింది. తల తిప్పకుండానే ఆమె చెయ్యి చాచింది. థియేటర్‌లో డాక్టరు చాచినట్టే! తిమోతి ఆ చేతిలో స్పానర్ పెట్టాడు.

సాయంత్రానికి రెండో కాలిపర్ కూడా అలాగే ముగించి, రెండు చక్రాలూ బిగించి, ఆమె పెడల్ తొక్కుతుంటే అతను బ్రేకు గొట్టాల్లో గాలి తీశాడు.

శనివారం పుంగనూరు చేరకముందే, దిగుడు రోడ్డు మీద గొర్రెల మంద అడ్డం వచ్చింది. తిమోతి బ్రేకు తొక్కాడు. కారు ఏ పక్కకూ లాగకుండా నిలబడింది. దయామణి ఒళ్ళోని పూలైనా జారలేదు. ఊళ్ళోకి వచ్చాక, పని లేకపోయినా వెంకటరమణప్ప షెడ్డు ముందు ఆగాడు.

వెంకటరమణప్ప చక్రాల దగ్గర వంగి చూసి నోరు తెరిచాడు. "ఏ మేస్త్రి సేసినాడన్నా?"

'నేనే' అన్న మాట తిమోతి నాలుక చివర సిద్ధంగా ఉంది. అతను కిందికి దిగి, చుట్టూ తిరిగి వచ్చి, డాక్టర్లకు తీసినట్టే అవతలి డోరు తీసి పట్టుకున్నాడు.

"ఇదో, ఈ మేస్త్రమ్మ. కుప్పంలో సన్మానముండాది, పోతాండాము."

ముప్పై ఏళ్ళలో ఎన్ని డోర్లు తీశాడో లెక్కలేదు. ఛాతీ ఇంత పొంగింది మాత్రం ఈ డోరుకే.