యాభై మూడున్నర కిలోలు

గంగవ్వ అన్నం ముట్టక మూడు రోజులైంది. నిజామాబాద్‌లోని ఆస్పత్రి వరండాలో, ఒళ్లో బైబిలు పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. లోపల మంచం మీద ఆమె బిడ్డ రజిని. నేను ఇడ్లీలు తెచ్చి ముందు పెడితే, తప్పు చేసిన అన్నా, నాకు తిండి ఎందుకు అని పక్కకు జరుపుతుంది. తప్పు చేసింది నేను. ఆ సంగతి ఈ పొద్దుటిదాకా ఆమెకు తెలియదు.

నా పేరు లింబాద్రి. బోధన్‌లో ఒక పాత గోదాం షెడ్డులో ఇరవై ఏళ్లుగా బాక్సింగ్ నేర్పుతున్నాను. నాకు కోపం ఎక్కువ, నోరు అంతకంటే ఎక్కువ. రజిని కోటగిరి పిల్ల. ఇరవై మూడేళ్లు. పొద్దున మందుల దుకాణంలో పని, సాయంత్రం నా దగ్గర సాధన. తండ్రి లేడు. గంగవ్వే నాట్లకు పోయి, చెరుకు నరికి, ఈ ఒక్క బిడ్డను పెంచింది. రెండేళ్లుగా రజిని ప్రొఫెషనల్ పోటీల్లో ఆడుతోంది. ఆరు ఆడి అయిదు గెలిచింది. అన్నీ యాభై అయిదు కిలోల విభాగంలోనే, ఆమె ఒంటికి సరిపోయింది అదే.

మొన్న ఎండాకాలం, హైదరాబాద్‌లో పోటీలు నడిపే సురేందర్ కోచ్‌లందరినీ పిలిచాడు. బరువుల విభాగాలు మరీ ఎక్కువైపోయాయి, తగ్గిద్దామా అని అడిగాడు. నాకు ఎప్పటినుంచో ఆ కడుపుమంట ఉంది. వెనకటికి ఎనిమిదే విభాగాలు, ఎనిమిది మంది చాంపియన్లు. ఇప్పుడు పదిహేడు, పైగా ఆట నడిపే సంఘానికొక బెల్టు. సంతలో టమాటాలు ఏరి కుప్పలు పెట్టినట్టు, కిలోన్నరకొక చాంపియన్. అసలు మొనగాడెవడో ఎవరికీ తెలియకపోతే ఇదేం ఆటని లేచి పావుగంట దంచాను. చప్పట్లు కొట్టారు. ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తమంటే అందరికంటే ముందు నా చెయ్యే లేచింది. ఆ పూటే సురేందర్ పోటీల్లోంచి తొమ్మిది విభాగాలు పోయాయి. పోయినవాటిలో యాభై అయిదు ఒకటి.

మర్నాడు షెడ్డులో ఈ ముచ్చట గొప్పగా చెప్పుకుంటుంటే, రజిని చేతికి పట్టీ చుట్టుకుంటున్నదల్లా ఆగిపోయింది.

"సార్, మీరు చాంపియన్లను లెక్కవెట్టిండ్రు. నడిమిట్ల ఉన్నోళ్లు యాడికి పోవాలె?"

ఆట బాగుపడాలంటే ఎవరో ఒకరు సర్దుకోక తప్పదని కసురుకున్నాను. ఆ ఎవరో ఒకరు నా ఎదురుగా నిలబడ్డ పిల్లేనని అప్పుడు తట్టలేదంటే అబద్ధం. తట్టింది. కానీ అంతమందిలో అన్న మాట వెనక్కి తీసుకోవడం నామోషీ అనిపించింది. ఇప్పటికీ పదిహేడు విభాగాలు ఉండాల్సిందేనని నేను అనను. చెయ్యెత్తేముందు ఒక్కసారి ఈ పిల్ల మొహం తలుచుకుని ఉండాల్సింది, అంతే.

ఇక మిగిలినవి రెండు దారులు. పైన యాభై ఏడు, కింద యాభై మూడున్నర. పైన ఉన్న అమ్మాయిలు ఆమెకంటే జానెడు పొడుగు. కిందికి దిగుదామన్నాను. బిడ్డ దెబ్బలు తింటుందన్న భయం కొంత. నా శిష్యురాలు ఓడిపోతే, అప్పుడు బాగా దంచావు కదా లింబాద్రీ అని నలుగురూ నవ్వుతారన్న భయం అంతకంటే ఎక్కువ.

నిజామాబాద్‌లో జరిగే పోటీ వారం వచ్చింది. ఇంకా రెండు కిలోలు దిగాలి. రజిని మొండిది, ఓర్చుకుంటుంది. చిక్కంతా గంగవ్వతోనే. బిడ్డ మొహం కాస్త పీక్కుపోతే చాలు, పళ్లెం తెచ్చి ముందు పెట్టేస్తుంది. వాళ్లది మెథడిస్టు కుటుంబం. ఉపవాస ప్రార్థన పట్టిందంటే గంగవ్వను కదిలించడం ఎవరి తరమూ కాదు. ఆ సంగతి తెలిసే, రజిని పనిలో ఉన్న వేళ చూసి కోటగిరి పోయాను.

"చెల్లె, తల్లీబిడ్డలు మూడు దినాలు ఉపవాసం పట్టుండ్రి. ఆఖరు దినం నీళ్లు గూడ ముట్టొద్దు. నడుమ ఇడిస్తే దేవుడు గెలిపియ్యడు. నేను చెప్పిన్నని బిడ్డకు చెప్పకు, నీ మొక్కే అను."

నీళ్లు మానమని వాళ్ల పాస్టరు ఏనాడూ చెప్పలేదు. అది నేను కల్పించింది. రజినికి మాత్రం నీళ్లు తగ్గించు, గుటక గుటక తాగు అన్నాను, తల్లి మొక్కును ఆమె దాటదని తెలిసే. మంచి కోచ్‌నని నా పేరు నాకు మిగిలింది, పాపిష్టి పని తల్లి చేతుల మీదుగా జరిగింది. థూ, నా బతుకు.

పోటీకి ముందురోజు తూచినప్పుడు కాంటా మీద సరిగ్గా యాభై మూడున్నర చూపించింది. ఆ మర్నాడు నాలుగో రౌండులో, అవతలి అమ్మాయి చెయ్యి తగలకుండానే రజిని కుప్పకూలింది. కాంటా దిగాక తాగినవి చాలక, ఒంట్లో నీళ్లు లేక మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. ప్రాణానికి గండం తప్పిందని, ఇక రింగు మాట మాత్రం ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. మెలకువ వచ్చిన దగ్గరినుంచి రజిని తల్లిని గదిలోకి రానివ్వడం లేదు. ఎందుకని ఎవరడిగినా గోడవైపు తిరుగుతోంది.

ఈ పొద్దున గంగవ్వ నల్లా దగ్గర కళ్లు తిరిగి పడింది. నర్సు లేపి కూర్చోబెట్టి, ఇట్లాగే ఉంటే నీకూ ఒక మంచం వెయ్యాలని కోప్పడింది. ఇంకా ఎందుకు ఈ పస్తు, తిను గంగవ్వా అని నేను బతిమాలాను. అప్పుడు బయటపెట్టింది.

"ఆఖరు దినం పొద్దుగాల బిడ్డ తల తిరుగుతుందంటే ఒక్క గిలాస గంజి తాపిన అన్నా. మొక్కు ఇడిసిన. గందుకే దేవుడు గిట్ల చేసిండు. బిడ్డ లేచి నడిచేదాక నేను తిన."

ఊరుకుంటే ఈమె చచ్చిపోతుంది. చెబితే నన్ను కడిగేస్తుంది. సిగ్గు విడిచి చెప్పాలంటే ఇంత కష్టమా అనిపించింది. నేల మీద ఆమె ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. బరువు దింపడానికి ఆడిన అబద్ధమని, ఆ ఉపవాసం దేవుడు అడిగింది కాదని, బిడ్డ ఒంటికి ఏమైనా మేలు జరిగితే ఆ గంజి వల్లే జరిగిందని చెప్పాను.

గంగవ్వ తిట్టలేదు. నా మొహంలోకి చూస్తూ అడిగింది.

"గంజి తాపినంక పొద్దుమూకేదాక నీళ్లు నీళ్లు అని అడిగింది. ఒక్క చుక్క ఇయ్యలే. చెవులు మూసుకొని వాకిట్ల గూసున్న. ఎవ్వలకోసం గూసున్న అన్నా?"

"నాకోసం" అన్నాను.

"గా మాట లోపటికి పోయి చెప్పు. నేను చెప్తే నమ్మది."

లోపలికి పోయాను. రజిని కళ్లు తెరిచే ఉంది. నిలబడే అంతా చెప్పాను, క్షమించమని మాత్రం అడగలేదు, అడిగే మొహం లేదు. ఆమె వింటూ వింటూ దుప్పటి అంచు పిడికిట్లో బిగించింది.

"అయితే గది అవ్వ మొక్కు కాదా సార్?"

"కాదు బిడ్డా."

"అవ్వతోని నేనేమన్ననో మీకెర్కనా? నీ దేవుడు, నువ్వు కలిసి నన్ను సంపిండ్రు, నీ మొకం సూడ అన్న. అవ్వ తల వంచుకొని బయటికి పోయింది." తలుపువైపు చూసింది. "గా మాట ఇప్పుడెట్ల ఎనక్కి తీసుకోవాలె?"

బయటికి వచ్చి, బిడ్డ పిలుస్తోందని గంగవ్వకు చెప్పాను. నిజానికి పిలవలేదు. గంగవ్వ గోడ పట్టుకుని లేచి, ఇడ్లీ పొట్లం తీసుకుని లోపలికి పోయి, తలుపు వేసుకుంది.